‘చెట్టు తీసేస్తే కలప మీదే’ అన్నారని ఒప్పుకోకండి: నా వేపచెట్టు లెక్క చూడండి

గాలివానకు పడిన చెట్టును సొంత ఖర్చుతో తొలగిస్తే దాని కలప ఉచితంగా ఇస్తామని మీకెవరైనా చెబితే, మాట ఇచ్చే ముందు ఇది చదవండి. కిందటి వేసవిలో నేను మాట ఇచ్చాను. కలప వచ్చింది. అడితిలో కొంటే అయ్యే ధరకు దాదాపు రెండింతలు పడింది.

ఇల్లు కడుతున్నాం, ఐదు గుమ్మాలకు చెక్క కావాలి. అనకాపల్లి దగ్గర మా పక్క ఊరిలో ఒక మాస్టారి పెరట్లోని పెద్ద వేపచెట్టు ఈదురుగాలికి వేళ్లతో సహా ఒరిగి ప్రహరీ మీద పడింది. “ఖర్చు నీది, కలప నీది బాబూ. నాకు పెరడు ఖాళీ అయితే చాలు” అన్నారాయన. మాస్టారు నన్ను మోసం చేయలేదని ముందే చెబుతున్నాను. లెక్క తప్పింది నేనే.

టేపు పెట్టి కొలిచాను. చుట్టుకొలత 7 అడుగులు, తిన్నగా ఉన్న మాను పొడవు 12 అడుగులు. అడితుల్లో వేసే లెక్కే వేశాను. చుట్టుకొలతలో నాలుగో వంతు తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, పొడవుతో హెచ్చవేయాలి. 36 ఘనపుటడుగుల పైచిలుకు తేలింది. ఈ పద్ధతిలో దుంగ అసలు పరిమాణంలో ఐదో వంతుకు పైగా ముందే తరుగు కింద పోతుంది కాబట్టి, ఇంతకంటే తగ్గేదేముందిలే అని ధైర్యపడ్డాను. గుమ్మాలు పోగా మంచం కూడా చేయించుకోవచ్చని ఆ రాత్రి ఇంట్లో ప్రకటించాను. మంచం సంగతి మా ఆవిడ ఇప్పటికీ మరిచిపోలేదు.

నేను వేసుకోవలసిన ప్రశ్న వేరే ఉంది. అదే గాలికి పక్కింటి వేపచెట్టు ఎందుకు పడలేదు? నిక్షేపంలాంటి చెట్లూ గాలికి పడతాయి, నిజమే. వాననీటికి నేల నాని పట్టు వదిలినప్పుడు అలా జరుగుతుంది. కానీ ఊళ్లో అన్నీ నిలబడి ఒక్కటే పడిందంటే, ముందు దాని వేళ్లు చూడాలి. తెగిన చోట చెక్క తెల్లగా, పీచులు పీచులుగా ఉంటే ఫరవాలేదు. ఇక్కడ గోధుమ రంగుకు తిరిగి, గోటితో గీకితే పొడిలా రాలింది. చెట్టు మొదలు దగ్గర పుట్టగొడుగులు కూడా ఉన్నాయి. కళ్లారా చూశాను, వానకు తడిసిందిలే అనుకున్నాను. కత్తి మడమతో మాను పొడవునా కొట్టుకుంటూ వెళ్లి ఉంటే, గట్టి చోట ఒక చప్పుడు, డొల్ల చోట ఇంకో చప్పుడు వినిపించి ఉండేది. రెండు నిమిషాల పని అది.

కోత మొదలయ్యాక తెలిసింది, పడిన చెట్టు నిలువు చెట్టు కంటే మొండిదని. ఒక కొమ్మ గోడమీద, ఒకటి నేలలో దిగబడి, ప్రతిదీ విల్లులా వంగి బిగుసుకుని ఉంది. నొక్కుడు పడే వైపు కోస్తే రంపం ఇరుక్కుంటుంది. లాగుడు ఉన్న వైపు కోస్తే కొమ్మ ఎగిరి తంతుంది. రంపం మనిషి అనుభవజ్ఞుడు కాబట్టి సరిపోయింది. మానును మొదట్లో తెగ్గోసిన క్షణం నాకింకా కళ్ల ముందుంది. అంతవరకు పక్కకు ఒరిగి ఉన్న వేళ్లగుత్తి, మీద బరువు తొలగగానే మట్టితో సహా లేచి ధబీమని గోతిలో కూర్చుంది. కాసేపటి ముందు మాస్టారి మనవడు ఆ గోతిలోకి తొంగిచూస్తున్నాడు. రంపం మనిషి గట్టిగా కసిరి పంపేశాడు కాబట్టి ఈ పోస్టు ఖర్చుల గురించి మాత్రమే రాయగలుగుతున్నాను.

కోత మిల్లులో ట్రాక్టరు ఆపగానే వాళ్లు అడిగిన మొదటి మాట, “ఇంటి చెట్టా, తోట చెట్టా?” ఇంటి చెట్టంటే వాళ్లకు భయం. బట్టల తీగకు కొట్టిన మేకులు, గేదెను కట్టేసిన గొలుసు, ఎన్నికల బోర్డుల సీలలు, అన్నీ చెట్టు మింగేసి ఉంటుంది. మూడో పలకకే రంపం కీచుమంది. అరచేయంత నల్లటి మరక, దాని నడుమ తుప్పు పట్టిన మేకు. చుట్టూ నాలుగంగుళాల చెక్క పెరిగి ఉంది. పచ్చి చెక్కలో అలాంటి నీలి నలుపు మరక కనిపిస్తే లోపల ఇనుము ఉన్నట్టేనని మిల్లతను చెప్పాడు. ఆ మాట బ్లేడు పళ్లు విరగక ముందు తెలిసి ఉంటే బాగుండేది.

దుంగ నిలువునా చీలేసరికి అసలు సంగతి బయటపడింది. నడుమ తొర్ర, తొర్ర నిండా చెదమట్టి. వేపకు చెద పట్టదని మనకొక నమ్మకం. ఆకు చేదైనంత మాత్రాన పుచ్చిపోయిన మానును చెద వదిలిపెట్టదు. చేవ ఉన్న చెక్క మొత్తం కలిపి 11 ఘనపుటడుగులు తేలింది. అందులో గుమ్మానికి సరిపడా పొడవున్నవి రెండు గుమ్మాలకే వచ్చాయి. మిగతావి పొట్టి ముక్కలు.

ఖర్చు రాసుకున్న కాగితం ఇప్పుడు నా ముందుంది. రంపం మనిషి, ఇద్దరు సహాయకులు, రెండు రోజులకు 8,200. పెట్రోలు, ఆయిలు 900. దుంగ ఎత్తి ట్రాక్టరులో పెట్టడానికి జేసీబీ మూడు గంటలు, 3,900. ట్రాక్టరు రెండు తిరుగుళ్లు 3,000. కోతకూలి 1,800, విరిగిన బ్లేడుకు 1,500. కొమ్మ లాగుతుంటే ప్రహరీ ఇంకో నాలుగు వరుసలు కూలింది, అది కట్టించడానికి 4,500. వెరసి 23,800. కొమ్మలు వంటచెరకు కింద అమ్మితే 3,000 వచ్చింది. పోను 20,800. ఘనపుటడుగుకు 1,890 రూపాయలు పడింది. మా దగ్గరి అడితిలో, పుచ్చు లేకుండా ఏరుకున్న వేప చెక్క వెయ్యికే వచ్చింది. మిగిలిన మూడు గుమ్మాలకు అదే కొన్నాను, అందుకే ధర బాగా గుర్తుంది. నా నాలుగు రోజుల పని ఈ లెక్కలో కలపలేదు.

ఆలోచిస్తే నేను కలప కొననే లేదు. ఒక పెరడు శుభ్రం చేసే పనిని గుత్తకు తీసుకున్నాను, కూలి చెట్టు పొట్టలో ఉందని నమ్మి.

కాగితాల సంగతి కూడా చూసుకోండి. పడిన చెట్టుకు అనుమతి ఎందుకని చాలామంది అంటారు. చెట్టు కొట్టడానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది, కలప తరలించడానికి అటవీ శాఖ రవాణా నిబంధనలు విడిగా ఉన్నాయి. కొన్ని జాతులకు మినహాయింపు ఉంటుంది. టేకు, ఎర్రచందనం లాంటివైతే పర్మిట్ లేకుండా బండి కదిలించకండి. ట్రాక్టరు ఎక్కించక ముందే చెట్టు జాతి చెప్పి రేంజి కార్యాలయంలో అడగండి. కరెంటు తీగ తగులుతుంటే లైన్‌మన్ వచ్చి సరఫరా ఆపేదాకా కత్తి కూడా ఆనించవద్దు.

అసలు గిట్టుబాటే కాదా అంటే, కొందరికి అవుతుంది. రంపం, ట్రాక్టరు సొంతంగా ఉన్నవాళ్లకు, బండి నేరుగా మాను దగ్గరికి వెళ్లే తోటల్లో, ఖరీదైన జాతి అయితే. మిగిలినవాళ్లు ఒప్పందం తిప్పి అడగండి. కోతకూలి, గోడ మరమ్మతు యజమానివి, కలప రవాణా మనది. లేదా ముందు మాను మొదలు దగ్గర ఒక కోత వేయించి, లోపల చూశాకే ధర మాట్లాడండి. గోతిలో మిగిలే వేళ్ల మొద్దు ఎవరు తీయాలో కూడా మొదటి రోజే తేల్చుకోండి.

నేను తేల్చుకోలేదు. నిన్న మాస్టారు ఫోన్ చేశారు. “పెరడు ఖాళీ చేస్తానన్నావు కదా బాబూ, మొద్దు ఎప్పుడు తీయిస్తావు?”