బ్రేక్ తొక్కితే పికప్ ట్రక్కు వణుకు: బ్రేక్ డిస్కును లేత్ మీద చెక్కించి చదును చేయించాలా, కొత్తది వేయాలా?

ముందు వణుకు ఎక్కడుందో చూడండి. స్టీరింగ్ కొట్టుకుంటే సాధారణంగా ముందు డిస్కులు. సీటు మాత్రమే అదిరితే వెనక డిస్కులో, డ్రమ్ములో. బ్రేక్ వేయకపోయినా వణికితే అది చాలాసార్లు వీల్ బ్యాలెన్సింగ్ గొడవ, డిస్కుల జోలికి పోకండి.

చక్రం తీసి, డిస్కును నట్లతో చక్రం కూర్చునే హబ్‌కు బిగించి, అంచుకు 10 మి.మీ. లోపల డయల్ గేజ్ (ఊగును ముల్లుతో చూపే కొలత పరికరం) ఆనించి డిస్కును తిప్పండి. ముల్లు 0.05 మి.మీ. దాటి ఊగితే అనుమానించాల్సిందే. మైక్రోమీటరుతో చుట్టూ 8 చోట్ల మందం కొలవండి, 0.02 మి.మీ. తేడాకే పెడల్ కొట్టొచ్చు.

లేత్ పని చవక. కాకపోతే చెక్కాక కూడా డిస్కుపై ముద్రించిన కనీస మందం కన్నా ఎక్కువే మిగలాలి. పల్చబడ్డ డిస్కు త్వరగా వేడెక్కుతుంది, బరువులు మోసే బండికి అది మంచిది కాదు. బండి మీదే చెక్కే లేత్ దొరికితే హబ్ వంకర కూడా సర్దుకుంటుంది.

నీలం మచ్చలు, పగుళ్లు కనిపిస్తే మాత్రం కొత్తవే, అదీ జతగా, కొత్త ప్యాడ్లతో. హబ్ ముఖం మీద తుప్పు వైర్ బ్రష్‌తో గీకాలి. చిన్న తుప్పు పెచ్చు మిగిలినా కొత్త డిస్కు వంకరగా తిరుగుతుంది, కొన్ని వేల కిలోమీటర్లకు వణుకు మళ్లీ మొదలు. కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పిన్నులు పట్టేశాయేమో చూసి, నట్లు ఎదురెదురుగా టార్క్ రెంచితో (బిగింపు బలం కొలిచే పానాతో) బిగించండి. ఇంపాక్ట్ గన్‌తో ఇష్టమొచ్చినట్టు బిగిస్తే ఏది ఎంచుకున్నా వృథా.