రిస్క్ ఆఫ్ రెయిన్: పదేళ్ళు ఆడాక కూడా అదే కక్కుర్తి

గ్రహాంతర ప్రాణులతో కొట్లాడే గేములంటే నాకు మొదటినుంచీ పిచ్చి. పైనుంచి ఒక ఓడ దిగుతుంది, అందులోంచి వికారపు ఆకారాలు బయటికొస్తాయి, మనం తుపాకీ పట్టుకుని ఎడమనుంచి కుడికి పరిగెత్తుతూ లోకాన్ని కాపాడతాం. రిస్క్ ఆఫ్ రెయిన్ కూడా అలాంటిదే అనుకుని మొదలుపెట్టాను. ఇందులో పైనుంచి ఊడిపడింది మనమేనని అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. సరుకులు మోసే ఓడ ఒకటి పగిలి ఆ గ్రహం మీద పడుతుంది, అందులోంచి బతికి బయటపడ్డవాడు కనిపించిన ప్రతి ప్రాణినీ చంపుకుంటూ పోతాడు. ఊరివాళ్ళు వాళ్ళు, చొరబడ్డది మనం. గేమ్ ఈ మాట ఎక్కడా గట్టిగా చెప్పదు, నీతులు అసలే చెప్పదు. ఆడగా ఆడగా మనకే తడుతుంది.

2013 నవంబరు 8న వచ్చింది ఈ గేమ్. అమెరికాలో యూనివర్సిటీలో చదువుకుంటున్న ఇద్దరు కుర్రాళ్ళు హోపూ గేమ్స్ పేరుతో తయారుచేశారు. చూస్తే మాత్రం ఏమంత గొప్పగా ఉండదు. మన మనిషి స్క్రీన్ మీద గోరంత ఉంటాడు, మొహం కూడా తెలియదు. మొదటిసారి చూసి "ఇదేంటి, చీమల యుద్ధమా" అనుకున్నాను. ఆ చిన్న బొమ్మ ఎందుకో మొదటి బాస్, అంటే స్టేజి చివర ఎదురయ్యే పెద్ద శత్రువు, వచ్చినప్పుడు తెలిసింది. కొలోసస్ అనే రాతి రాక్షసుడు లేచి నిలబడితే స్క్రీన్ చాలలేదు. వాడి కాలి దగ్గర నేను, చేతిలో రెండు పిస్తోళ్ళు.

ఆట పద్ధతి చెప్పడం తేలిక. ఒక స్టేజిలో ఎక్కడో ఒక మూల తర్వాతి స్టేజికి పంపే టెలిపోర్టర్ అనే యంత్రం ఉంటుంది, అది వెతకాలి. దారిలో శత్రువుల్ని చంపితే బంగారం, అనుభవం వస్తాయి. అనుభవంతో లెవెల్ పెరుగుతుంది, బంగారంతో పెట్టెలు తెరిస్తే ఐటమ్స్, అంటే మన బలం పెంచే వస్తువులు, దొరుకుతాయి. టెలిపోర్టర్ నొక్కితే బాస్ దిగుతుంది, 90 సెకన్లు తట్టుకోవాలి, మిగిలినవాళ్ళందర్నీ ఏరిపారేస్తే తర్వాతి స్టేజి. చస్తే లెవెలూ ఐటమ్స్ అన్నీ పోతాయి, మళ్ళీ ఒట్టి చేతులతో మొదలు. అలా మొదలుపెట్టి చచ్చేదాకానో గెలిచేదాకానో ఆడేదాన్ని ఒక రన్ అంటారు. మిగిలేది కొత్తగా అన్‌లాక్ అయిన పాత్రలు, ఐటమ్స్ మాత్రమే.

ఇంతవరకూ వింటే ఇలాంటివి వంద ఉన్నాయి అనిపిస్తుంది. దీన్ని నాకు పదేళ్ళపాటు అంటగట్టింది స్క్రీన్ పైమూల ఉండే గడియారం.

ఆ గడియారం ఆగదు. మీరు ఏ స్టేజిలో ఉన్నారో దానికి అక్కర్లేదు, నిమిషాలు గడిచేకొద్దీ శత్రువుల బలం పెరుగుతూనే ఉంటుంది. మామూలు స్థాయిలో దాదాపు అయిదు నిమిషాలకొక మెట్టు. మొదట "చాలా తేలిక" అని ఉంటుంది, తర్వాత "తేలిక", తర్వాత "మధ్యస్థం", అలా పైకి పోయిపోయి "అసాధ్యం" దాటాక గేమ్ మనతో నేరుగా మాట్లాడటం మొదలుపెడుతుంది: నిన్ను చూస్తున్నాను, నీకోసం వస్తున్నాను అని. ఆ చివరి మెట్టు పేరు ఒట్టి నవ్వు. హహహహ. రాత్రిపూట హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటిసారి ఆ నవ్వు దాకా వెళ్ళినప్పుడు నాకు నిజంగానే ఒళ్ళు జలదరించింది.

అంటే ప్రతి క్షణం ఒకటే బేరం. ఈ స్టేజిలో ఇంకో రెండు పెట్టెలు మిగిలాయి. వాటికి బంగారం చాలదు, ఇంకాసేపు చంపాలి. చంపుతూ కూర్చుంటే గడియారం తిరుగుతుంది. వదిలేసి పోతే తర్వాతి స్టేజిలో బలం చాలక చస్తాను. ఉంటే శత్రువు బలపడతాడు, పోతే నేను బలహీనంగా పోతాను. సరైన జవాబు ఏమిటో ఇన్నేళ్ళయినా నాకు తేలలేదు. ఒకప్పుడు గీసుకున్న లెక్క ఏమిటంటే, స్టేజికి అయిదు నిమిషాలు మించకూడదు. ఆ లెక్క పాటించిన రన్స్ వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు.

ఒక రన్ ఇప్పటికీ గుర్తుంది. మాన్‌సూన్ అనే కష్టమైన స్థాయి. డ్రిజిల్, రెయిన్‌స్టార్మ్, మాన్‌సూన్ అని మూడు స్థాయిలకీ వాన పేర్లే పెట్టారు, గేములో వాన కంటే నెత్తురే ఎక్కువ కురిసినా. రెండో స్టేజిలోనే ఉకులేలే దొరికింది. గిటార్ తమ్ముడిలా ఉండే ఆ వాయిద్యం చేతికొస్తే మన దెబ్బ ఒకడి నుంచి ఇంకొకడికి మెరుపులా పాకుతుంది. సైనికుడి సిరంజులు నాలుగు దొరికాయి, ఒక్కొక్కటీ కాల్చే వేగాన్ని 15 శాతం పెంచుతుంది. పిస్తోలు కుట్టుమిషన్‌లా మోగుతోంది. టెలిపోర్టర్ పని అయిపోయింది, బాస్ చచ్చాడు, ఒక్క మీట నొక్కితే బయటపడతాను. అప్పుడు కనపడింది కింద అంచు మీద గుడిలాంటి చిన్న మందిరం. దానికి బంగారం ఇస్తే ఐటమ్ ఇవ్వచ్చు, ఇవ్వకపోవచ్చు. ఇవ్వకపోతే మళ్ళీ అడుగుతుంది, ఈసారి ధర ఎక్కువ. నేను నాలుగుసార్లు ఇచ్చాను, నాలుగుసార్లూ ఏమీ రాలేదు. అయిదోసారికి డబ్బు చాలలేదని ఎదురుచూస్తున్నాను, ఇంకో యాభై, ఇంకో నలభై అనుకుంటూ. వెనకనుంచి నిప్పు గీతలు గీసుకుంటూ ఎర్రటి బల్లులు వచ్చాయి. లెమూరియన్లు అంటారు వాటిని. మామూలుగా అయితే పూచికపుల్లలు, కానీ ఇవి నడిచిన చోటల్లా మంట వదిలే రకం, అదీ ఏడెనిమిది. కిందకి దూకితే మంట, పైకి ఎక్కితే బల్లి. ముప్పై సెకన్లలో పని అయిపోయింది. టెలిపోర్టర్ నాకు పదడుగుల దూరంలో మెరుస్తూనే ఉంది.

తప్పు గేముది కాదు. ఎవడూ ఆ మందిరం దగ్గర ఆగమనలేదు.

ఐటమ్స్ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఈ గేములో మాయంతా అక్కడే. వందకు పైగా ఉంటాయి. ఒకే ఐటమ్ మళ్ళీ దొరికితే పాతదానికి తోడవుతుంది, మేకగిట్ట ఒకటి దొరికితే కాస్త వేగం, అయిదు దొరికితే మనిషి మన అదుపులో ఉండడు.   ఏది దేనితో కలిస్తే ఏమవుతుందో ఎవరూ చెప్పరు, ఆడుతూ కనుక్కోవాలి. రెండు సెకన్లు కదలకుండా నిలబడితే హెల్త్ పెంచే పుట్టగొడుగు ఒకటుంది. ఒక్క చోట నిలబడితే చచ్చే గేములో నిలబడమనే ఐటమ్ ఎందుకా అని ఏడాదిపాటు తిట్టుకున్నాను. డాలు పట్టుకునే ఎన్‌ఫోర్సర్ అనే పాత్రతో ఆడేదాకా దాని విలువ తెలియలేదు.

ఐటమ్స్ వివరాలు రాసి ఉండే లాగ్ ఒకటుంది. చాలామంది అటు చూడను కూడా చూడరు, నేనూ రెండేళ్ళు చూడలేదు. ఒకరోజు చచ్చి విసిగిపోయి ఊరికే తెరిచాను. ఒక్కో ఐటమ్ కింద పార్సెల్ కాగితంలో ఉన్నట్టు రాసి ఉంది: ఎవరికి చేరాలి, ఏ చిరునామాకు, డెలివరీ తేదీ 2056లో ఎప్పుడో. కొన్నింటికి పంపినవాడు రాసిన చిన్న చీటీ కూడా. అప్పుడు తట్టింది, నేను తెరుస్తున్న పెట్టెలన్నీ ఆ పగిలిన ఓడలోని సరుకే. ఎవరికో చేరాల్సిన మందులు, బొమ్మలు, వాయిద్యాలు, నేను చింపి వాడుకుంటున్నాను. ఆ తర్వాత ఆట మారలేదు గానీ పెట్టె తెరిచినప్పుడల్లా ఏదోలా ఉండేది. కథ చెప్పే గేములు చాలా చూశాను, ఇంత తక్కువ మాటల్లో ఇంత గుచ్చినవి తక్కువ.

పాత్రలు మొదటి గేములో పన్నెండు. అన్నింటినీ ఇక్కడ వర్ణించను. మొదట ఇచ్చే కమాండో సాదాసీదా మనిషి, కాల్చడం, దొర్లడం, అంతే. కొత్తలో విసుగనిపిస్తాడు, ఇప్పుడు ఎక్కువగా ఆడేది వాడితోనే. నేను చాలాకాలం అంటిపెట్టుకున్నది హంట్రెస్. మిగతావాళ్ళలో చాలామంది కాల్చేటప్పుడు ఆగాలి, ఈ అమ్మాయి పరిగెత్తుతూనే బాణాలు వేస్తుంది. ఆ ఒక్క తేడాతో గేమ్ సగం తేలికవుతుంది. కత్తి పట్టే మెర్సినరీ చేతివేళ్ళు చురుగ్గా ఆడేవాళ్ళకి. నాకు కుదరలేదు, ఒప్పుకుంటున్నాను.

ఒకే కంప్యూటర్ ముందు ఇద్దరు కూర్చుని ఆడచ్చు. తమ్ముడితో ఆడిన రోజులే అన్నిటికంటే బాగున్నాయి. ఐటమ్ ఎవరు ముందు తాకితే వాళ్ళది, కాబట్టి శత్రువులతో కంటే మా ఇద్దరికే గొడవ ఎక్కువ.

"ఒరేయ్, ఆ పెట్టె వదిలెయ్, గడియారం చూడు."

"ఇదొక్కటే అన్నయ్యా, ఇదొక్కటే."

"ఇందాకా అదే అన్నావు."

"ఇందాకటిది నువ్వు తీసుకున్నావుగా!"

ఇద్దరం ఒకేసారి చచ్చిన సందర్భాల్లో సగానికి పైగా ఇదే సంభాషణ మీద ఆగాయి.

ఇక నచ్చనివి. ఆ చిన్న బొమ్మ వల్ల వచ్చే చిక్కు చిన్నది కాదు. అరగంట దాటాక స్క్రీన్ నిండా మెరుపులు, పేలుళ్ళు, ఎగిరే అంకెలు, వాటి మధ్య మనం ఎక్కడున్నామో మనకే కనపడదు. తమ్ముడు "నేనెక్కడ?" అని అడిగితే నేను నన్నే వెతుక్కుంటూ ఉండేవాణ్ణి. కళ్ళు లాగుతాయి, గంట తర్వాత లేవాల్సిందే. తాళ్ళు ఎక్కి దిగే గుహల స్టేజిలో టెలిపోర్టర్ అవతలి కొసన ఉంటే ఓపిక నశిస్తుంది, గడియారం తిరుగుతుంటే తాడు మీద నత్తలా పాకడం కంటే టెన్షన్ లేదు. టెలిపోర్టర్ పని అయ్యాక ఎక్కడో మూల దాక్కున్న ఒక్క ప్రాణి కోసం స్టేజంతా తిరగడం కూడా అంతే. అదృష్టం పాలు కూడా ఎక్కువే. మొదటి రెండు స్టేజిల్లో పనికొచ్చే ఐటమ్ పడకపోతే ఆ రన్ మీద ఆశ వదులుకోవచ్చు. ఇది నచ్చనివాళ్ళు ఉంటారు, వాళ్ళని తప్పుపట్టను.

దానికి విరుగుడుగా ఆర్టిఫాక్ట్స్ అని ఆట నియమాల్ని మార్చేవి ఇచ్చారు. వాటిలో కమాండ్ అనేది వేసుకుంటే పెట్టెలోంచి ఏ ఐటమ్ రావాలో మనమే ఎంచుకోవచ్చు. ఆ రోజు పండగ చేసుకున్నాను. వారం తిరిగేసరికి విసుగొచ్చింది, ఎందుకంటే ప్రతిసారీ అవే ఏడు ఐటమ్స్ ఎంచుకుంటున్నాను. గ్లాస్ అనే ఆర్టిఫాక్ట్ దానికి పూర్తిగా ఎదురు. మన దెబ్బ అయిదు రెట్లు, మన ప్రాణం పదో వంతు. ఒక్క జెల్లీచేప తాకినా పోతాం. నాకు అదే నచ్చింది.

సంగీతం గురించి ఒక్క మాట: గ్రీకు సంగీతకారుడు క్రిస్ క్రిస్టొడౌలౌ చేశాడు, గేమ్ ఆడనివాళ్ళు కూడా వినచ్చు.

2020లో పూర్తిగా విడుదలైన రెండో భాగం 3డిలోకి మారింది. అది వేరే గేమ్, వేరే రుచి, దాని సంగతి ఇక్కడ వద్దు. మొదటిదాన్ని మళ్ళీ బొమ్మలు గీసి, కొత్త పాత్రలు చేర్చి రిస్క్ ఆఫ్ రెయిన్ రిటర్న్స్ పేరుతో సరిగ్గా పదేళ్ళకి, 2023 నవంబరు 8న తెచ్చారు. రెండేళ్ళుగా దాన్నే ఆడుతున్నాను. బొమ్మ ఇప్పటికీ చిన్నదే కానీ కదలికలో ప్రాణముంది. ట్రయల్స్ అని చిన్నచిన్న పందాలు పెట్టారు, వాటిలో గెలిస్తే ఉన్న పాత్రలకే కొత్త విద్యలు వస్తాయి. చచ్చి చచ్చి నేర్చుకున్నవి అవి పది నిమిషాల్లో నేర్పిస్తాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు నేరుగా ఇదే తీసుకోండి, 2013 నాటిది నాలాంటి పాత జ్ఞాపకాలవాళ్ళకి చాలు. మొదటి పది రన్స్ డ్రిజిల్‌లో ఆడండి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, నేను చెప్పకుండా దాచానంతే.

చివరి స్టేజి ఆ పగిలిన ఓడ లోపలే. అక్కడ ఎదురుచూసేవాడి పేరు ప్రావిడెన్స్. కత్తి పట్టుకుని, ఎర్రటి బట్టలో, ఆ గ్రహాన్ని కాపాడేవాడు. మొదటిసారి వాణ్ణి చంపడానికి నాకు నలభై గంటలకు పైగా పట్టింది. గెలిచాక గట్టిగా అరవాలనుకున్నాను. కానీ ఆ ఖాళీ గదిలో, నా వెనక దారి పొడుగునా నేను చంపినవాళ్ళు, చుట్టూ ఎవరివో విరిగిన పార్సెళ్ళు. కుర్చీలో వెనక్కి వాలి కాసేపు అలాగే కూర్చున్నాను. తర్వాత ఇంకో రన్ మొదలుపెట్టాను, ఈసారి స్టేజికి అయిదు నిమిషాలే అని గట్టిగా అనుకుని. మొదటి స్టేజి దాటేసరికి గడియారం తొమ్మిది చూపించింది.