అమీర్‌పేట క్రిప్టో క్లాసు: పసుపు కాగితానికి మార్కులు, సిగ్నల్స్ గ్రూపుకి సున్నా

మైత్రీవనం చుట్టుపక్కల ఏ గోడ చూసినా పైథాన్, జావా, ఎస్‌ఏపీ బోర్డులే. వాటి మధ్య 'క్రిప్టో ట్రేడింగ్ సైకాలజీ, రిస్క్ మేనేజ్‌మెంట్' అని ఓ చిన్న బోర్డు. వారాంతాల్లోనే క్లాసు, చెప్పేది తెలుగులో, ఫీజు 6,000. మాది మలక్‌పేటలో మందుల షాపు. ఏ కాయిన్ చంద్రమండలానికి పోతుందన్న కథలు నాకు అక్కర్లేదు, నష్టాన్ని ఎక్కడ ఆపాలో లెక్క కావాలి. ఆ లెక్క వరకు ఇక్కడ బాగా చెప్పారు.

మొదట్లో కాసేపు ధ్యానం చేయించారు. కళ్లు మూసుకుని 'నేను ప్రశాంతమైన ట్రేడర్‌ని' అనుకోవాలట. వెనక బెంచీలో బీటెక్ కుర్రాళ్లు నవ్వాపుకోలేక చచ్చారు. ఆ ముక్క తీసేసినా ఎవరికీ ఏమీ తగ్గదు.

అసలు సరుకంతా వాళ్లిచ్చే పసుపు కాగితంలో ఉంది. ట్రేడ్ పెట్టే ముందు పెన్నుతో నింపాలి, ఫోన్‌లో కాదు. ఎందుకు కొంటున్నాను, ఏ ధరకి వస్తే బయటికొచ్చేస్తాను, అప్పుడు నా జేబులోంచి పోయేది ఎంత. మూడే గడులు. ఎంత డబ్బు పెట్టి కొనాలన్నది వాటిని బట్టే తేలుతుంది. లక్ష రూపాయలుంటే ఒక ట్రేడ్‌లో మహా అయితే పోనివ్వాల్సింది 1 శాతం, అంటే వెయ్యి. స్టాప్‌లాస్, అంటే నష్టం ఆపుకోవడానికి అమ్మేసే ధర, కొన్న ధరకి 5 శాతం కింద ఉంటే 20,000కి కొనొచ్చు, 10 శాతం కింద ఉంటే 10,000కే. పిల్లల మందు మోతాదు బరువును బట్టి కట్టినట్టే కాబట్టి నాకు వెంటనే ఎక్కింది.

తర్వాత సార్ బోర్డు మీద వరసగా ఆరు నష్టాలు వేశారు. ప్రతిసారీ 1 శాతం పోతే లక్షలో 6,000 లోపే పోతుంది. ప్రతిసారీ 10 శాతం పోతే దాదాపు 47,000. నా పక్కనున్న పెద్దాయన నమ్మలేక క్యాలిక్యులేటర్ తీసి మళ్లీ వేసుకున్నారు. సగం డబ్బు పోతే, మిగిలింది రెట్టింపైతేగానీ మొదటికి రాలేమని కూడా ఆయనే పైకి అనేశారు.

లివరేజ్, అంటే మన డబ్బుకి కొన్ని రెట్లు అప్పు మీద ట్రేడ్ చేయడం గురించి దాపరికం లేకుండా చెప్పారు. 20 రెట్లు తీసుకుంటే ధర 5 శాతం ఎదురు తిరిగితే చాలు, మనం పెట్టిన సొంత డబ్బు (మార్జిన్) పోయినట్టే. నిజానికి ఎక్స్ఛేంజ్ అంతకంటే కాస్త ముందే మన ట్రేడ్‌ని బలవంతంగా మూసేస్తుంది (లిక్విడేట్ చేయడం అంటారు). 2021 నవంబర్‌లో 69,000 డాలర్ల దాకా వెళ్లిన బిట్‌కాయిన్, ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజ్ దివాలా తీసిన 2022 నవంబర్‌లో 16,000 కిందికి దిగింది. 'స్టాప్‌లాస్ ఉంటే 2022 మేలో కుప్పకూలిన లూనా కాయిన్ నుంచి కూడా బయటపడేవాళ్లం కదా సార్' అని ఒకబ్బాయి అడిగాడు. స్టాప్ లిమిట్ (ఇంతకి తగ్గితే అమ్మొద్దనే ఆర్డర్) పెడితే, ఆ ధరకి కొనేవాడు లేనప్పుడు ఆర్డర్ అలాగే వేలాడుతుందని సార్ జవాబు. నాకు బాగా పనికొచ్చిన సమాధానం ఇదే.

షేర్ మార్కెట్ మధ్యాహ్నం మూడున్నరకి మూస్తారు, క్రిప్టోకి మూసే టైమే లేదు. అందుకని రోజులో రెండు నష్టాలొస్తే 24 గంటలు కొత్త ట్రేడ్ వద్దన్నారు. 'మా ఆయన కాగితం నింపకుండా అర్ధరాత్రి కొనేస్తే?' అని ఒకావిడ అడిగారు. 'కాగితాలు మీ దగ్గర పెట్టుకోండమ్మా' అన్నారు సార్. 'అయితే పాస్‌వర్డ్ కూడా నేనే పెట్టుకుంటా' అందావిడ. ఆ మాటకి కట్టొచ్చు ఆరు వేలు.

ఇక లోటుపాట్లు. ట్యాక్స్ గురించి అడిగితే తప్ప చెప్పలేదు. 2022 ఏప్రిల్ 1 నుంచి లాభం మీద 30 శాతం, పైన 4 శాతం సెస్. ఒక కాయిన్ నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలోంచి తీసేయడానికి లేదు. ఒకదాంట్లో 50,000 వచ్చి ఇంకోదాంట్లో 50,000 పోతే చేతికి మిగిలేది సున్నా, కట్టాల్సింది 15,600. అమ్మినప్పుడల్లా కోసే 1 శాతం టీడీఎస్ వేరే. మాటిమాటికీ ట్రేడ్ చేయడమే ఇక్కడ పెద్ద రిస్కు, పసుపు కాగితంలో దానికి గడే లేదు. నా కాగితం మీద నాలుగో గడి నేనే గీసుకున్నాను.

నాకు ఒళ్లు మండింది మాత్రం చివరి రోజు. అవకాశం చేజారిపోతుందన్న భయంతో హడావుడిగా కొనడాన్ని ఫోమో అంటారని సార్ బోర్డు మీద రాసిన అక్షరాలు ఇంకా చెరపలేదు. బయట కౌంటర్లో అమ్మాయి 'ఏది ఎప్పుడు కొనాలో చెప్పే వీఐపీ సిగ్నల్స్ గ్రూపు సార్, పది సీట్లే, ఆఫర్ ఈరోజు వరకే' అంటోంది. వేరేవాళ్ల సిగ్నల్ చూసి కొంటే పసుపు కాగితం మొదటి గడిలో ఏం రాయాలమ్మా అని అడిగాను. 'సార్‌ని అడగండి' అంది. సార్ అప్పటికే లిఫ్ట్ ఎక్కేశారు.

ఐదుకి మూడున్నర. కొత్తవాళ్లు ఒక్క రూపాయి పెట్టకముందే వెళ్తే మంచిది, గ్రూపు మాత్రం తీసుకోకండి. పార్కింగ్ దొరకదు, మెట్రోలో రండి. ఆదివారం బ్యాచ్ అడగండి. శనివారం పక్క గదిలో స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసు ఉంటుంది, సార్ చెప్పేది సగం వినపడదు.