911, వాంటేజ్: శ్రీకాకుళం రోడ్డుకి ఏది?
ఈ రెండు స్పోర్ట్స్ కార్లలో చూపుకైతే ఆస్టన్ మార్టిన్ వాంటేజ్‌కే నా ఓటు. పొడవాటి బానెట్, వెడల్పాటి గ్రిల్, 4 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్, 665 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) శక్తి. ఆగి ఉన్నా ఉరకబోతున్నట్టే ఉంటుంది.

పోర్షే 911 కరేరా 1963లో చూపించిన మొదటి కారు రూపురేఖల్ని ఇంకా వదల్లేదు. కొందరికి అది విసుగు, నాకు మాత్రం గౌరవం. 394 పీఎస్ తక్కువేమీ కాదు. రణస్థలం దగ్గర హైవేపై లారీని దాటడానికి అదే ఎక్కువ.

అసలు పరీక్ష హైవే దిగాక, ఊళ్లో స్పీడ్ బ్రేకర్ల దగ్గర. 911కి ముందు భాగాన్ని పైకి లేపే ఏర్పాటు ఆప్షన్‌గా దొరుకుతుంది. వెనక చిన్న సీట్లూ పెట్టించుకోవచ్చు, పిల్లలకి సరిపోతాయి. వాంటేజ్‌లో ఇద్దరికే చోటు. పిల్లలతో అరసవల్లి వెళ్లాలంటే నేను 911నే తీస్తాను. పైగా దాని ఇంజిన్ వెనకే ఉంటుంది, ఆ బరువు వెనక చక్రాల మీదే పడుతుంది కాబట్టి, వానలో కదిలేటప్పుడు పట్టు బాగుంటుంది.