మాల్దీవులకు వెళ్లేవాళ్లు ముందు పడవ టైము చూడండి, గది తర్వాత

మాల్దీవుల నేలంతా ఒకచోట పోగేసినా 300 చదరపు కిలోమీటర్లు నిండదు. శివారు మున్సిపాలిటీలు కలపకముందు హైదరాబాద్ జీహెచ్‌ఎంసీ పరిధే 650. జనం సంగతి చూస్తే 2022 లెక్కల్లో తేలింది 5 లక్షల 15 వేలు, అంటే మన నెల్లూరు ఊరంత. ఆ నెల్లూరును ముక్కలు చేసి 800 కిలోమీటర్ల పొడవున సముద్రంలో చల్లితే ఎలా ఉంటుందో మాల్దీవులు అలా ఉంటాయి. దాదాపు 1,200 దీవుల్లో జనం కాపురమున్నవి 190 లోపే. అందులోనూ ప్రతి అయిదుగురిలో ఇద్దరు రాజధాని మాలే, దాన్ని ఆనుకున్న హుల్హుమాలేలోనే సర్దుకున్నారు.

మన దగ్గర బస్సు తప్పితే వెనకాల ఇంకో బస్సు, అదీ పోతే షేర్ ఆటో, ఏమీ లేకపోతే లారీవాణ్ణి బతిమాలుకోవచ్చు. గది బాగోలేకపోతే సామాను మోసుకుని పక్క లాడ్జికి పోతాం. ఆ ధీమాతో మాల్దీవులకు ప్లాను వేస్తే దెబ్బ తింటాం. అక్కడ చాలా దీవులకు రోజుకు ఒకటో రెండో స్పీడ్‌బోట్లు. పోయిందంటే మళ్లీ రేపే. ఫొటోలు చూసి గది బుక్ చేసి, ఆ తర్వాత అక్కడికి ఎలా పోవాలా అని వెతికేవాళ్లకే డబ్బు ఎక్కువ వదిలేది.

భారతీయులకు ముందుగా వీసా అక్కర్లేదు. ప్రయాణానికి 96 గంటల లోపు 'ఇముగా' అనే ప్రభుత్వ సైటులో వివరాలు నింపి క్యూఆర్ కోడ్ ఫోనులో పెట్టుకోవాలి. తిరిగొచ్చేటప్పుడూ ఇంకోసారి నింపాలి. దీనికి పైసా ఫీజు లేదు. గూగుల్‌లో వెతికితే ముందు వచ్చే కొన్ని సైట్లు మాత్రం ఇదే ఫారానికి డాలర్లు గుంజుతాయి. తిరుగు టికెట్టు, గది బుకింగ్ కాగితం చేతిలో ఉండాలి. ఆ మాటకొస్తే మన సొంత లక్షద్వీప్‌కు వెళ్లాలంటే పర్మిట్ కావాలి, పరాయి దేశమైన మాల్దీవులకు అక్కర్లేదు.

విమానాశ్రయమే ఒక దీవి. బయటికి రాగానే ఎదురుగా జెట్టీ కనిపిస్తుంది. మాలేకు పది పదిహేను నిమిషాల ఫెర్రీ ఉంది, చార్జీ డాలరు అటూ ఇటూ. 2018లో తెరిచిన వంతెన మీదుగా బస్సులో, టాక్సీలోనూ పోవచ్చు. మాలేలో చూడ్డానికి పూట చాలు: పాత శుక్రవారం మసీదు, చేపల మార్కెట్టు, పక్కనే కూరగాయల మార్కెట్టు. మనిషికి మనిషి తగిలే సందులు, ఫుట్‌పాత్ నిండా స్కూటర్లు చూస్తే మన కోఠి గుర్తొస్తుంది. రాత్రి ఉండక తప్పకపోతే మాలే కన్నా హుల్హుమాలే నయం. వీధులు వెడల్పు, బీచ్ దగ్గర, ఎయిర్‌పోర్టు పావుగంట దూరం. అక్కడి మామూలు హోటళ్లలో గదులు ఇరుకే, కిటికీ లేనివి కూడా అమ్ముతారు కాబట్టి బుక్ చేసేటప్పుడు కిటికీ ఉందో లేదో చూసుకోవాలి.

దీవులకు పోవడానికి మూడు దారులు. ప్రభుత్వ సంస్థ నడిపే నిదానం ఫెర్రీ చవక, కానీ మాలేకు దగ్గర్లోని మాఫుషీ దీవికి గంటన్నర పడుతుంది, శుక్రవారం నడవదు. ప్రైవేటు స్పీడ్‌బోటు మాఫుషీకి ముప్పావుగంట లోపు, సుమారు 25 డాలర్లు. దిగురా లాంటి దూరం దీవికి రెండు గంటలు, చార్జీ అంతకు రెట్టింపు. మూడోది సీప్లేన్, అంటే నీటి మీద దిగే చిన్న విమానం. అది పగలే ఎగురుతుంది. మధ్యాహ్నం మూడున్నర దాటాక విమానం దిగితే ఆ రోజుకు దొరకదనే అనుకోవాలి. సామాను 20 కిలోలు, చేతి సంచి 5 కిలోలు, ఆపైన కిలో లెక్కన వసూలు చేస్తారు. రానూపోనూ మనిషికి 400 డాలర్లకు తక్కువ అరుదు.

స్పీడ్‌బోటులో ముందు సీట్లు ఖాళీగా కనిపించాయని కూర్చోవద్దు. అల మీద నుంచి పడవ కింద పడ్డప్పుడల్లా ముందు భాగమే ఎగిరిపడుతుంది, నడుము నొప్పి ఉన్నవాళ్లకు నరకం. వెనక, మోటార్లకు దగ్గర్లో కుదుపు తక్కువ. నైరుతి గాలులు వీచే మే నుంచి అక్టోబరు దాకా సముద్రం ఎగసిపడుతుంది, జూన్ నుంచి ఆగస్టు వరకు మరీనూ. వాంతుల మాత్ర ఎక్కడానికి అరగంట ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అదీ బయటికే వస్తుంది. జనవరి నుంచి ఏప్రిల్ వరకు నీళ్లు అద్దంలా ఉంటాయి, ధరలు మాత్రం ఆకాశంలో. గాలి ఎక్కువైతే పడవలు ఆపేస్తారు. అప్పుడు గొడవపడి ప్రయోజనం లేదు, ఇంకో దారంటూ ఉండదు.

సాయంత్రం దిగే విమానం తీసుకుంటే దగ్గరి మాఫుషీ దాకా రాత్రి పడవ దొరకొచ్చు. దూరపు దీవికైతే హుల్హుమాలేలో ఒక రాత్రి ఖర్చు కలుపుకోవాల్సిందే. చవక టికెట్టని రాత్రి విమానం ఎంచుకుంటే మిగిలిన డబ్బంతా ఆ గదికే పోతుంది. గెస్ట్‌హౌస్‌వాళ్లకు విమానం నంబరు ముందే పంపితే పడవ సీటు వాళ్లే పట్టి పెడతారు. పంపడం మర్చిపోతే జెట్టీలో నిలబడి ఏజెంట్ల బేరాలు వినాలి.

ఇక ఏ దీవి అంటే, వెళ్లే పనిని బట్టి. 2009 తర్వాతే ఊళ్లున్న దీవుల్లో గెస్ట్‌హౌస్‌లకు అనుమతి వచ్చింది. అంతకుముందు టూరిస్టంటే రిసార్టే. మాఫుషీలో గెస్ట్‌హౌస్‌లు లెక్కకు మించి ఉన్నాయి, పోటీ వల్ల గది 50, 60 డాలర్లకు దొరుకుతుంది, బోటు ట్రిప్పులు కూడా అక్కడే చవక. ప్రశాంతత కావాలనుకునేవాళ్లు మాత్రం అటు పోవద్దు, గోవాలోని 'బాగా' అనే బీచ్‌కు కాస్త మర్యాద నేర్పినట్టు ఉంటుంది. పెద్ద తిమింగల సొరచేపను చూడాలంటే దిగురా, అది ఏడాది పొడుగునా ఆ చుట్టుపక్కలే తిరుగుతుంది. మాంటా రేలనే బల్లపరుపు పెద్ద చేపలు గుంపులుగా మేతకు వచ్చే హనిఫారు అఖాతం చూడాలంటే మే నుంచి నవంబరు లోపు ధరవందూ దీవిలో దిగాలి. అక్కడ ట్యాంకు కట్టుకుని డైవింగ్ చేయనివ్వరు, గైడుతో స్నార్కెలింగ్ (నోట్లో గొట్టంతో నీటిపైనే తేలుతూ చూడడం) మాత్రమే, అదీ 45 నిమిషాలు. జనం ఎక్కువైతే బయట పడవలో వంతు కోసం ఆగాలి. పిల్లలు, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు తొద్దూ మంచిది. పుచ్చకాయ, బొప్పాయి తోటల మధ్య సైకిళ్ల మీద తిరగొచ్చు, బీచ్ కూడా పెద్దది. మొదటిసారి వెళ్లేవాళ్లు రెండు దీవులకు మించి పెట్టుకోవద్దనే చెప్పాలి. ఒక దీవి నుంచి ఇంకో దీవికి నేరుగా పడవ ఉండడం అరుదు, ప్రతిసారీ మాలేకు వచ్చి మళ్లీ బయల్దేరాలి.

గది ధర చూసి సంబరపడొద్దు, బిల్లు వేరుగా వస్తుంది. 60 డాలర్ల గది అనుకోండి. 10 శాతం సర్వీస్ చార్జీ కలిపితే 66. దాని మీద పర్యాటక జీఎస్టీ 17 శాతం, అంటే మరో 11.22. ఆపైన గ్రీన్ ట్యాక్స్: ఊళ్లున్న దీవుల్లో 50 గదుల లోపు గెస్ట్‌హౌస్ అయితే మనిషికి రోజుకు 6 డాలర్లు, రిసార్టులో 12. రెండేళ్ల లోపు పిల్లలకు లేదు. ఇద్దరికి 12 వేస్తే మొత్తం 89 డాలర్ల 22 సెంట్లు. బుకింగ్ సైటులో కొన్నిసార్లు పన్నులు కలిపి, కొన్నిసార్లు విడిగా చూపిస్తారు కాబట్టి చివరి మొత్తం ఎంతో మెసేజ్‌లో రాయించుకోవడం మేలు. తిరిగొచ్చేటప్పుడు విదేశీయులు కట్టాల్సిన డిపార్చర్ ట్యాక్స్ విమాన టికెట్టులోనే కలిసి ఉంటుంది. మాలే నుంచి తిరుగు టికెట్టు ఖరీదుగా కనిపించడానికి అదొక కారణం.

డబ్బు రుఫియా, అధికారిక రేటు డాలరుకు 15.42. రూపాయలు తీసుకోరు. కొత్త డాలరు నోట్లు పట్టుకెళ్లాలి, చిరిగినవీ పెన్ను గీతలున్నవీ వెనక్కి ఇచ్చేస్తారు. కొంచెమే రుఫియా మార్చుకోండి, ఆ దేశం దాటితే దాన్ని మార్చేవాళ్లు ఉండరు. చిన్న దీవుల్లో ఏటీఎం ఒక్కటే ఉంటుంది, కొన్నింట్లో అదీ లేదు.

తిండి విషయంలో శాకాహారులు జాగ్రత్తగా ఉండాలి. టిఫిన్‌కు పెట్టే మస్ హుని అంటే ట్యూనా, పచ్చి కొబ్బరి, ఉల్లి, పచ్చిమిరప. ఉల్లిపాయ, మిరప, ఉప్పు, నిమ్మరసం ముందు చేత్తో బాగా పిసికి, కొబ్బరి తర్వాత చేపను కలిపి, రోషి అనే పల్చటి రొట్టెతో ఇస్తారు. చేప తినేవాళ్లకు ఇంతకన్నా మంచి టిఫిన్ ఆ దేశంలో లేదు. టీ కొట్టులో సమోసాలా కనిపించే బజియాను కొరికితే లోపల ట్యూనా. కూరగాయల కూరలోనూ ఎండిన చేప ముక్కలు వాసన కోసం వేస్తారు. ఊరికే 'వెజ్' అంటే చాలదు, 'చేప ముక్క, చేప పొడి ఏదీ వద్దు' అని వంటవాడికి విడిగా చెప్పాలి. గెస్ట్‌హౌస్‌లు ముందురోజు చెబితే పప్పు, అన్నం, బంగాళాదుంప వేపుడు చేసి పెడతాయి. పనివాళ్లలో బంగ్లాదేశీయులు చాలామంది, హిందీతో పని జరిగిపోతుంది. పులిహోర, ఉప్మా ప్యాకెట్లు తీసుకెళ్తే ఒక పూట గడుస్తుంది. ప్లగ్గులు బ్రిటిష్ పద్ధతివి, మూడు బల్లపరుపు పిన్నులు. మన గుండ్రటి పిన్ను పట్టదు కాబట్టి అడాప్టర్ ఇక్కడే కొనుక్కోవాలి.

ఉల్లిపాయ ఖరీదు ఎందుకంతని అక్కడ అడక్కూడదు, ఎందుకంటే అది మన దగ్గర్నుంచే వెళ్తుంది. 1981 నాటి వాణిజ్య ఒప్పందం కింద బియ్యం, గోధుమపిండి, పంచదార, గుడ్లు, ఆలుగడ్డ, ఉల్లి, పప్పు ఏటా కోటా ప్రకారం వాళ్లకు పంపిస్తాం. ఇక్కడ ఉల్లి ఎగుమతి నిషేధించిన రోజుల్లో కూడా 2024-25కు వాళ్ల కోటా ఇచ్చారు. ఆ ఏడాదికి ఇసుక, కంకర చెరో 10 లక్షల టన్నులు. మనకు అది లెక్కలోకి రానంత కొంచెం, వాళ్లకు ఇళ్లు కట్టడానికి అదే ఆధారం. సరుకు పడవ ఆలస్యమైతే దీవిలో కొట్టుకు వెళ్లి చూస్తే తెలుస్తుంది: టమాటా గంప అడుగున నాలుగు మెత్తబడ్డ కాయలు, పెరుగు ఫ్రిజ్ ఖాళీ, బిస్కెట్లు మాత్రం పైదాకా. పడవ వచ్చిన సాయంత్రం అదే కొట్టు ముందు ఊరంతా ఉంటుంది.

నీళ్లదీ అంతే. నదులు లేవు. మాలేలో, చాలా దీవుల్లో సముద్రపు నీటిని శుద్ధి చేసిన నీరే కుళాయిలో వస్తుంది, దీవికో డీజిల్ జనరేటర్ల కేంద్రం ఉంటుంది. 2014 డిసెంబరు 4న మాలే నీటి ప్లాంటులో మంటలు లేస్తే లక్ష మందికి పైగా జనానికి తాగునీరు ఆగిపోయింది. మన నౌకాదళం ఐఎన్ఎస్ సుకన్య, ఐఎన్ఎస్ దీపక్‌లను, వైమానిక దళం విమానాలను నీళ్లతో పంపాల్సి వచ్చింది. మన ఊళ్లో పైపు పగిలితే ట్యాంకరు తెప్పించుకుంటాం. ట్యాంకరు రావాల్సిన దారే సముద్రమైతే అది పరదేశం నుంచే రావాలి. గదిలో ఏసీ రాత్రంతా 16 మీద నడిపేవాళ్లు, గంటసేపు షవర్ కింద నిలబడేవాళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు.

మంచి విషయాలూ చెప్పాలి. రాత్రి పదకొండింటికి ఆడపిల్లలు ఒంటరిగా ఊరు చుట్టి రావచ్చు, జెట్టీలో సామాను వదిలి టీ తాగి రావచ్చు, మామూలుగా ఎవరూ ముట్టుకోరు. దీవంతా ఒకరికొకరు తెలిసిన జనం. ఆ తెలిసినతనానికి ఇంకో ముఖం కూడా ఉంది. ఊళ్లున్న దీవుల్లో మద్యం లేదు, ఈత దుస్తులు కేటాయించిన బీచ్‌లోనే వేసుకోవాలి, మిగతాచోట్ల భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ కొట్లు మూసేస్తారు. రంజాన్‌లో పగలు హోటళ్లు తెరవవు, గెస్ట్‌హౌస్‌లో మాత్రం పెడతారు. సీసాలు తెస్తే కస్టమ్స్‌వాళ్లు రసీదు ఇచ్చి ఉంచుకుని వెళ్లేటప్పుడు ఇస్తారు. మన తెలుగువాళ్లు గమనించాల్సింది: పూజా విగ్రహాలు కూడా నిషిద్ధ జాబితాలో ఉన్నాయి, వెంకన్న విగ్రహం ఇంట్లోనే పెట్టి వెళ్లండి. ఈ-సిగరెట్లు అసలు తేకూడదు. తిరిగొచ్చేటప్పుడు పగడం ముక్కలు, తాబేటి చిప్ప తీసుకురావడం నేరం.

రిసార్టు ఒకరోజైనా చూడాలనిపిస్తే మాఫుషీ నుంచి డే పాస్ తీసుకోవడం తెలివైన పని. భోజనం కలిపి సుమారు 100 డాలర్లకు దొరుకుతుంది. రాత్రి బసకు అయిదారు రెట్లు పెట్టేదంతా నీళ్ల మీద కట్టిన గదికే. పెళ్లిరోజు లాంటి సందర్భం ఉంటే ఒక రాత్రి చాలు.

ప్రతి ఊళ్లోనూ ఆరోగ్య కేంద్రం ఉంటుంది. డాక్టర్లలో, నర్సుల్లో మనవాళ్లు చాలామంది, పెద్ద జబ్బు అయితే అక్కడి జనమే తిరువనంతపురం వస్తారు. గుండె నొప్పి, ఎముక విరగడం లాంటివాటికి మాలేకు స్పీడ్‌బోటులో తీసుకెళ్లాలి, రాత్రి గాలివానలో అదీ కష్టమే. బీపీ, షుగర్ మందులు నాలుగు రోజులు ఎక్కువ పెట్టుకోండి, చీటీ కూడా వెంట ఉండాలి. బీమా తీసుకునేటప్పుడు డైవింగ్ కలిసి ఉందో లేదో చదవండి. చివరి డైవ్‌కు, విమానానికి మధ్య 24 గంటలు ఖాళీ ఉంచాలి, లేకపోతే రక్తంలో కరిగిన నైట్రోజన్ పైన బుడగలు కట్టి ప్రమాదం. కాబట్టి చివరి రోజు డైవింగ్ పెట్టుకోకుండా, ఉదయం విమానమైతే ముందురోజు సాయంత్రమే దీవి వదిలి హుల్హుమాలేకు వచ్చేయండి. పొద్దున్నే పడవ నడుస్తుందని చెప్పిన ఏజెంటు, గాలి లేస్తే ఫోను ఎత్తడు.