కార్న్‌ఫ్లోర్ జిగురా, బూజు పట్టిన బ్రెడ్డా?

పిల్లలు సైన్స్ వైపు తిరగాలంటే ముందు "ఛీ, యాక్" అనాలి, నేనైతే అదే నమ్ముతాను. అనంతపురంలో ఏ కిరాణా కొట్టుకెళ్లినా దొరికే సరుకుతో రెండు పనులు చేయించొచ్చు.

ఒకటి జిగురు. రెండు గ్లాసుల కార్న్‌ఫ్లోర్‌కి ఒక గ్లాసు నీళ్లు, కాస్త అటూ ఇటూ. మెల్లగా వేలు పెడితే దిగబడిపోతుంది, గుద్దితే గట్టిగా తగులుతుంది, నలుపుతున్నంతసేపూ ఉండలా ఉండి ఆపగానే వేళ్ల సందుల్లోంచి కారిపోతుంది. ఒక్కసారిగా ఒత్తితే రేణువుల మధ్య నీళ్లకి పక్కకు జారే టైమ్ ఉండదు, అవి ఒకదానికొకటి బిగుసుకుపోతాయి. ఐదు నిమిషాల్లో ఫలితం, ఆ తర్వాత ఇల్లంతా తెల్లమరకలు. సింకులో మాత్రం పోయొద్దు, పైపు పూడుకుపోతుంది.

రెండోది బూజు. తడిపిన బ్రెడ్ ముక్క ఒక జిప్ కవర్లో, మెత్తటి జొన్నరొట్టె ముక్క ఇంకోదాంట్లో, కరకరలాడే ఎండు రొట్టె మూడోదాంట్లో వేసి, దేనికి ముందు పడుతుందో పిల్లల్నే రాయమనండి. మొదట తెల్లటి నూగు, తర్వాత పచ్చ, నల్ల మచ్చలు. ఎండు రొట్టె దగ్గర బూజు ఎందుకు ఆగిపోయిందని వాళ్లే అడుగుతారు, తేమ సంగతి అప్పుడు చెప్పాలి. 1928లో ఫ్లెమింగ్ అనే శాస్త్రవేత్త పెన్సిలిన్ మందు కనిపెట్టింది కూడా బూజు వల్లేనంటే అప్పుడు చెవులు రిక్కిస్తారు. (తిండి పాడు చేస్తారా అని అవ్వ తిడుతుంది, అది మీరే చూసుకోండి.)

చిన్నపిల్లలకైతే జిగురే. బడికెళ్లేవాళ్లకి నా ఓటు బూజుకే, జిగురు కాసేపటికి ఉత్త ఆటైపోతుంది. కవర్ మాత్రం ఎవరూ తెరవకూడదు, మూసినట్టే చెత్తలో పడేయాలి.