గ్రంథాలయ డేటాబేస్‌లలో వ్యాసాల అన్వేషణ: పబ్‌మెడ్, ఎరిక్, జేస్టోర్‌లపై సమీక్ష

పిల్లల నిద్రకూ చదువుకూ ఉన్న సంబంధంపై పరిశోధన చేస్తున్న రోజుల్లో పబ్‌మెడ్, ఎరిక్, జేస్టోర్ అనే మూడు డేటాబేస్‌లను దాదాపు రోజూ వాడాను. మూడింటిలోనూ పైన కనిపించే సెర్చ్ బాక్స్ ఒకేలా ఉంటుంది కాబట్టి వెతికే పద్ధతి కూడా ఒకటేనని తొలి నెలంతా భ్రమపడ్డాను.

వీటిలో నాకు ఎక్కువ నమ్మకం కలిగించినది వైద్య వ్యాసాల డేటాబేస్ అయిన పబ్‌మెడ్. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం 1997 నుంచి దీన్ని అందరికీ ఉచితంగా అందిస్తోంది. దీని బలమంతా మెష్ అనే విషయ శీర్షికల పట్టికలో ఉంది. ఒక రచయిత ‘హార్ట్ అటాక్’ అని రాసినా, మరొకరు ‘మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్’ అని రాసినా, ఆ రెండు వ్యాసాలూ ఒకే శీర్షిక కిందికి చేరతాయి. అందువల్ల మనకు తట్టని మాటతో రాసిన వ్యాసం కూడా చేజారిపోదు. నాకు తోచిన పదాలతో వారం రోజులు వెతికినా కనబడని వ్యాసాలు, ‘స్లీప్ డిప్రివేషన్’ అనే శీర్షికను పట్టుకున్న పూటే బయటపడ్డాయి. అయితే పబ్‌మెడ్‌లోని ప్రతి వ్యాసానికీ ఈ శీర్షికలు ఉండవు, కనుక మామూలు పదాలతోనూ ఒకసారి వెతకడం తప్పనిసరి.

విద్యారంగానికి చెందిన ఎరిక్‌లోనూ ఇటువంటి పదకోశమే ఉంది. ఇందులో ‘ఈజే’ అక్షరాలతో మొదలయ్యే సంఖ్య ఉన్నవి పత్రికా వ్యాసాలు, ‘ఈడీ’తో మొదలయ్యే సంఖ్య ఉన్నవి నివేదికలు, సదస్సు పత్రాల వంటివి. ఈ రెండో రకంలో చాలావాటిని నేరుగా దించుకోవచ్చు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ‘పీర్ రివ్యూడ్’, అంటే అదే రంగంలోని నిపుణులు పరిశీలించి ఆమోదించినది, అన్న గుర్తింపును ఎరిక్ 2004 నుంచి మాత్రమే ఇస్తోంది కాబట్టి, ఆ గడిని టిక్ చేస్తే అంతకు ముందరి మంచి వ్యాసాలు కూడా కనుమరుగవుతాయి.

1995లో మొదలైన జేస్టోర్ తీరు వేరు. పరిశోధన పత్రికల పాత సంచికలను తొలి సంపుటి నుంచి చదవడానికి, ముఖ్యంగా చరిత్ర, సాహిత్యం, సామాజిక శాస్త్రాల విద్యార్థులకు, ఇది అపురూపమైన సౌకర్యం. కానీ చాలా పత్రికల ఇటీవలి మూడు నుంచి ఐదేళ్ల సంచికలు ఇందులో ఉండవు, కాబట్టి తాజా పరిశోధనకు దీనిపైనే ఆధారపడటం పొరపాటు. పైగా ఇది వ్యాసం మొత్తాన్నీ గాలిస్తుంది. ‘స్లీప్’, ‘స్కూల్’ అని విడివిడిగా ఇస్తే ఆ రెండు మాటలూ ఎక్కడో ఒక మూల ఉన్న నవలా విమర్శలు కూడా వచ్చి పడతాయి. పదబంధాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, వ్యాసం పేరులో మాత్రమే వెతకమని అడిగాక నా ఫలితాలు చదవగలిగే సంఖ్యకు దిగాయి.

‘ఫుల్ టెక్స్ట్ మాత్రమే’ అన్న వడపోతను మొదట్లోనే వాడవద్దని కొత్తవారికి గట్టిగా చెబుతాను. ఒక డేటాబేస్‌లో సారాంశం మాత్రమే కనిపించిన వ్యాసం, అదే గ్రంథాలయం చందా కట్టిన మరో డేటాబేస్‌లో పూర్తిగా ఉండవచ్చు. అక్కడా లేకపోతే ఇంటర్ లైబ్రరీ లోన్ ద్వారా, అంటే మరో గ్రంథాలయం నుంచి, తెప్పించమని గ్రంథాలయ సిబ్బందిని అడగవచ్చు. నా పరిశోధనకు ఆధారంగా నిలిచిన వ్యాసం నాకు ఆ దారిలోనే అందింది.